డ్రమ్ముకు ఏడు ఎండలు

నేనిప్పుడుండే వీధి చివర బడిలో ఈమధ్య నీళ్ళ గంట అని ఒకటి మొదలుపెట్టారు. పాఠం మధ్యలో గంట కొడతారు, పిల్లలంతా సీసాలు తీసి నాలుగు గుక్కలు తాగాలి. మంచి పని. నేను పొద్దున దీపం పెట్టి నామాలు చదువుకునే వేళకు మొదటి గంట వినిపిస్తుంది. అప్పుడు నోటిలో నామం ఆగిపోతుంది. పిల్లలు తాగారు సరే, వాళ్ళ టీచరు తాగిందా అనిపిస్తుంది. మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటాను.

నాకు పదేళ్ళప్పుడు మా ఇంటి వాళ్ళు బడికి దానమిచ్చిన డ్రమ్ములో నీళ్ళు తాగి ఒక పంతులమ్మ చావు అంచుదాకా వెళ్ళింది. ఆ డ్రమ్మును తోమిన చేతుల్లో నావీ ఉన్నాయి.

మాది మాచర్ల పోయే రోడ్డు మీద చిన్న బజారు ఊరు. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్న మొదట్లో ఉప్పూ పప్పూ అమ్మేవాడు. పల్నాడంతా పత్తి కమ్ముకున్నాక పురుగుమందులు కూడా తెచ్చి పెట్టాడు. ఒక గోడకు కందిపప్పు బస్తాలు, ఎదురు గోడకు మందు డబ్బాలు, మధ్యలో దేవుడి పటం. పొద్దున్నే నాన్న అగరొత్తి వెలిగిస్తే ఆ పొగ మందు వాసనతో కలిసి ఇంట్లోకి వచ్చేది. అన్నంలోనూ అదే వాసన, పెట్టెలో మడత పెట్టిన చీరల్లోనూ అదే. ఊళ్ళో వాళ్ళకి అది డబ్బు వాసన. పత్తి పండిన ఏడు మా వీధిలో నాలుగిళ్ళకి డాబాలు లేచాయి.

నాకు పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. దుమ్ము పడదు, పొగ పడదు, ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తుంటే ఆ గదిలో ఉండకూడదు. అందుకని బడికి పంపలేదు. వంట అమ్మ చేతిలో, నా చదువు నాయనమ్మ చేతిలో ఉండేవి. పెద్దబాలశిక్ష అయిపోయాక ఇంట్లో వేరే పుస్తకాలు లేవు. ఖాళీ డబ్బాల మీది కాగితాలు తడిపి ఊడదీసి పాత నోటుబుక్కులో అంటించుకునేదాన్ని. ఎర్ర ముక్కోణం, పచ్చ ముక్కోణం, పుర్రె, దాని కింద రెండు ఎముకలు. పుర్రె ఉన్న కాగితం దొరికితే పండగే. ఎవరూ చూడకుండా బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, బస్తాల వెనక కూర్చుని, ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. పిల్లలకు అందకుండా ఉంచవలెను అనే వాక్యం నేను సొంతంగా చదివిన మొదటి వాక్యాల్లో ఒకటి. అర్థం మాత్రం నాయనమ్మనడిగితే, "నీకు చెప్పినట్టే లేవే, ముట్టుకోబాకు" అంది. నేను ముట్టుకుంటూనే చదివాను.

రోడ్డుకు అవతల బడి. నాపరాళ్ళ కప్పు వేసిన రెండు గదులు, ఒక వేపచెట్టు, చెయ్యి విరిగిన బోరింగు. ఆ బోరింగు ఎప్పుడు పాడైందో ఎవరికీ గుర్తు లేదు. పిల్లలకు దాహమైతే పత్తిచేల మధ్య నుంచి మోటబావి దాకా పరిగెత్తాలి. మందు కొట్టే రోజుల్లో ఆ గట్ల మీద ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. అరుగు మీద కూర్చుంటే వరసగా నల్లటి తలలు చేలల్లో మునిగి తేలటం నాకు కనిపించేది.

పంతులమ్మ ఒక్కతే. కృష్ణ ఒడ్డున ఎక్కడో డెల్టా ఊరి నుంచి ఉద్యోగానికి వచ్చి, నరసరావుపేట వైపు గది తీసుకుని, రోజూ బస్సులో వచ్చేది. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచి ఉండేది. ఆమె నీళ్ళు తాగటం ఎవరూ చూడలేదు. ఒకరోజు సబ్బుకోసం కొట్టుకు వస్తే నాయనమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

"ఏందమ్మా పంతులమ్మా, పెదాలు అట్టా పగిలినయ్యి? నీళ్ళు తాగవా ఏంది?"

"తాగితే ఎక్కడికి వెళ్ళమంటారు మామ్మగారూ?"

నాయనమ్మ రోడ్డు అవతలికి చూసింది. బడి చుట్టూ మైదానం, అవతల రోడ్డు, ఇవతల బజారు. చాటుకు ఒక తడికె కూడా లేదు.

"పొద్దున ఇంటి దగ్గర బయల్దేరి, మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయిందాకానా?"

"పెద్ద ఆడపిల్లలూ అంతేనండి. నన్ను చూసి వాళ్ళూ నేర్చుకున్నారు."

"మంచి చదువే చెప్తన్నావు" అంది నాయనమ్మ కటువుగా. తరవాత గొంతు తగ్గించింది. "మా పెరటి తలుపు గడియ వెయ్యం. మధ్యాహ్నం వచ్చిపో. మజ్జిగ తాగు. ఇదేమన్నా కాశీయాత్రా, ఉపోషం ఉండటానికి?"

అప్పటి నుంచి మధ్యాహ్నం పూట వచ్చేది. పెరట్లోకి వెళ్ళొచ్చి, మజ్జిగ తాగి, బడి గంట దాకా నాకు భాగాహారాలు చెప్పేది. నన్ను ఎన్నడూ తొందరపెట్టలేదు. ఆయాసం వస్తే ఆగేది. ఈరోజుకీ నేను ఒక లెక్క తప్పు లేకుండా వేశానంటే ఆ మధ్యాహ్నాల పుణ్యమే.

బడిలో ఆమెకొక అలవాటుండేది. అప్పుడప్పుడు పిల్లలకి గోధుమరవ్వ ఉప్మా వండి పెట్టేవాళ్ళు. రవ్వ ఏ గోడౌన్లో ఎన్నాళ్ళు మగ్గిందో తెలియదు కనుక ముందు తానొక ముద్ద నోట్లో వేసుకుని, పిల్లలచేత ఒక ఎక్కం చెప్పించి, అప్పుడు వడ్డించేది. "టీచరు బతికే ఉంది, కంచాలు పట్టండి రేయ్" అని వెనక వరసలోంచి ఎవడో అనేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఆ సంవత్సరం ఎండలు మాఘమాసంలోనే మొదలయ్యాయి. ఫాల్గుణానికి మోటబావి అడుగు కనబడింది. ఒంటిపూట బళ్ళు పెట్టాక పంతులమ్మ పన్నెండింటి బస్సుకే వెళ్ళిపోయేది, మా ఇంటికి రావటానికి కూడా వ్యవధి ఉండేది కాదు. ఒకరోజు ఐదో తరగతి పిల్ల బావి నుంచి వస్తూ గట్టు మీద పడిపోయింది. మోసుకొచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. వాళ్ళ నాన్న వచ్చి బడి ముందర నిలబడి, "అక్షరాలొద్దు, ఏమొద్దు, నా బిడ్డ ఇంట్లో ఉంటే సాలు" అని తీసుకుపోయాడు. ఆ మర్నాడు మరో ముగ్గురు ఆడపిల్లలు రాలేదు.

పంతులమ్మ మా నాన్న దగ్గరికి వచ్చింది. "నీళ్ళకి ఏదైనా తొట్టి పెట్టించండి. లేకపోతే ఆడపిల్లలు ఒక్కొక్కళ్ళే మానేస్తారు. ఇక్కడ ఇంకెవరిని అడగాలో నాకు తెలియలేదు."

నాన్న చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆమె అడగటమే తన అదృష్టమనుకున్నాడు. "నీళ్ళదానమమ్మా, నన్నడిగావు చూడు, అది చాలు. నవమికి పెట్టిస్తా."

కొట్టు వెనక ఒక పెద్ద ఇనప డ్రమ్ము ఉండేది. మందు విడిగా అమ్మటానికి గుంటూరు నుంచి తెచ్చింది. రైతులు సీసాలు తెచ్చుకుని పోయించుకునేవాళ్ళు. ఆ ఏటి మందు అయిపోయి అది ఖాళీగా పడి ఉంది. దానికే కుళాయి పెట్టిద్దామన్నాడు. ఎవరికీ తప్పుగా తోచలేదు. మా వైపు అప్పట్లో ఖాళీ డబ్బాను పారేసే ఇల్లు లేదు. చింతపండు వేసి తోమి, బూడిద వేసి తోమి, పేడనీళ్ళతో కడిగి, ఏడు ఎండలు చూపిస్తే ఎంతటి మందైనా చస్తుందని నమ్మకం. ఆ డబ్బాల్లో కిరసనాయిలు పోసుకున్నారు, స్నానానికి నీళ్ళు తోడుకున్నారు, ఊరగాయలు కూడా పెట్టుకున్నారు. వాటి వల్ల ఎవరికన్నా ఏమన్నా అయిందో లేదో తెలియదు. కడుపునొప్పి అన్నారు, గాలి సోకిందన్నారు, ఎండదెబ్బ అన్నారు. డబ్బా పేరు ఎవరూ ఎత్తలేదు.

తోమటానికి ముందు డ్రమ్ము మీది కాగితం నేనే ఊడదీశాను. అంత పెద్ద పుర్రె నా పుస్తకంలో లేదు. తడిగుడ్డ అద్ది, చిరగకుండా, మధ్యాహ్నమంతా కూర్చుని తీశాను. తీశాక అది ఉట్టి ఇనప డ్రమ్ము అయింది. దానికి పేరు లేదు.

నాయనమ్మా నేనూ తోమాం. మొదటి రోజే నాకు ఆయాసం పట్టింది. రెండోరోజు వాసన పోయిందన్నారు. నాకు పోలేదు. అడుగున రేకు మడత పడినచోట తలపెడితే గొంతులో ఏదో గీరినట్టుండేది.

"నాయనమ్మా, ఇంకా వాసన వస్తంది."

"నీకు సాంబ్రాణి కూడా వాసనేగా."

కొట్టులోంచి నాన్న నవ్వాడు. "దాని ముక్కుకి పన్నీరు కూడా పడదులే అమ్మా."

నిజమే కదా అనుకున్నాను. నాకు ఏదీ పడదు. నా ముక్కు మాట ఎవరు నమ్ముతారు, నేనే నమ్మలేదు.

కడిగిన నీళ్ళు పెరట్లో కాలువ కట్టి తోటకూర మడిలోకి పోయాయి. మూడోనాటికి ఆకులు అంచులు ముడుచుకుని, వేళ్ళు మడిచిన చేతుల్లా అయిపోయాయి. ఎండదెబ్బ అంది నాయనమ్మ. కాలువ గట్టున చీమలు బారు బారునా పడి ఉన్నాయి. ఒక్కటీ కదలటం లేదు. పుల్లతో కదిపి చూశాను. నాలుగోనాడు పక్కింటి సైకిల్ షాపు పిన్ని కోడిని కాళ్ళు పట్టుకుని గోడ మీదుగా చూపించింది.

"చూడు పెద్దమ్మా, రాత్రి దాకా బానే ఉంది. మీ కోమటోళ్ళ నీళ్ళు తాగింది, పొద్దున్నే మెడ వాల్చేసింది."

"మా నీళ్ళకి అంత బలం ఉంటే నీ మొగుడు అప్పుడప్పుడు వేసే కేకలు ఆగేయిగా" అంది నాయనమ్మ.

పిన్ని పకపకా నవ్వింది. "కొక్కెర తెగులేమోలే. కూరకి కూడా పనికిరాకుండా పోయింది ముండది." దాన్ని తీసుకుపోయి పెంటలో పూడ్చింది. తీసుకుపోకముందే నాయనమ్మ ఆ కోడి ముక్కు వైపు చాలాసేపు చూసింది. నురగ ఉంది. ఆ సాయంత్రం డ్రమ్మును ఇంకోసారి తోమించింది.

నవమి వచ్చేనాటికి ఐదు ఎండలే అయ్యాయి. ఇంకో రెండు రోజులు ఆగుదామంది నాయనమ్మ. నాన్న ఒప్పుకోలేదు. "నవమి దాటిస్తే మళ్ళీ ఎప్పుడు? రాములోరి ఎండ రెండెండల పెట్టు" అన్నాడు. భక్తితోనే అన్నాడు. డ్రమ్ముకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మెడకు మామిడాకులు కట్టి, బండి మీద రోడ్డు దాటించారు. బడి వసారాలో నాపరాళ్ళ దిమ్మ మీద నిలబెట్టారు. సాగర్ కాలువ నుంచి తెచ్చిన నీళ్ళు అంచుదాకా పోశారు. కొబ్బరికాయ కొట్టారు. ఎవరో పెద్దమనిషి, "పానకం కూడా దీంట్లోనే కలిపితే పోద్దిగా, ఊరందరికీ సరిపోద్ది" అన్నాడు. నాయనమ్మ మాత్రం, "దేవుడి పానకం ఇత్తడి గంగాళంలోనే" అని తెగేసి చెప్పింది. ఆచారం కోసం అన్న మాట అది. ఆ ఆచారానికి నేను చచ్చిందాకా దండం పెడతాను.

పండగకి బడి సెలవు. డ్రమ్ము నిండా నీళ్ళు ఆ మధ్యాహ్నమూ ఆ రాత్రీ అలాగే నిలబడి ఉన్నాయి.

మర్నాడు పొద్దున నాయనమ్మ నాలుగు స్టీలు గ్లాసులు నా చేతికిచ్చింది. "గ్లాసులు మర్చిపోయాం, ఇచ్చిరా. దుమ్ములో నిలబడబాకు." ఒక్కదాన్నే బడిలోకి వెళ్ళటం అదే మొదటిసారి. ఆ సంతోషం ఇంకా గుర్తుంది. కొత్త పరికిణీ కట్టుకుని వెళ్ళాను.

పంతులమ్మ అప్పుడే వచ్చింది. ముందు బస్సు చెడిపోయిందట, పక్క ఊరి నుంచి నడిచి వచ్చింది. చీర వీపుకు అంటుకుపోయి ఉంది. నా చేతిలోంచి ఒక గ్లాసు తీసుకుని కుళాయి తిప్పింది. గటగటా తాగేసింది. మళ్ళీ నింపుకుంది. ఎక్కం చెప్పమనలేదు, ఎవరినీ ఆగమనలేదు, రెండోది కూడా ఎత్తి తాగింది. పిల్లలు అప్పటికే ఆమె వెనక బారుగా నిలబడ్డారు. పడిపోయిన ఐదో తరగతి పిల్ల కూడా ఆరోజే తిరిగి వచ్చింది, వరసలో అందరికంటే ముందుంది.

నేను కిందికి చూశాను. కుళాయి రాత్రంతా చుక్క చుక్క కారినట్టుంది. నాపరాయి మీద చేటంత తడి. ఆ తడి చుట్టూ చీమలు పడి ఉన్నాయి. పెరట్లో చూసినట్టే, ఒక్కటీ కదలటం లేదు.

ఛాతీ బిగుసుకుపోయింది. చెప్పబోతే మాట లేదు, కీచుమని గాలి మాత్రం వచ్చింది. పంతులమ్మ నాకు ఆయాసం వచ్చిందనుకుంది. గబగబా గ్లాసు నింపి, నా తల వెనక చెయ్యి పెట్టి, నా పెదాల దగ్గరికి తెచ్చింది. "తాగు తల్లీ, నెమ్మదిగా."

చేత్తో కొట్టాను. గ్లాసు ఎగిరి దూరంగా పడింది.

"ఏమే, నీళ్ళు పారబోస్తావా?" అంది ఐదో తరగతి పిల్ల.

నేను వేలు చూపించాను. పంతులమ్మ ఆ వేలు వెంట చూసింది. వంగి చీమల్ని చూసింది, తడిని చూసింది. కుళాయి కింద అరచెయ్యి పెట్టి వాసన చూసింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. ఏదో లెక్క తేలినట్టుంది.

"ఎవరూ ముట్టుకోవద్దు" అంది. కుళాయి పూర్తిగా తిప్పేసి, నీళ్ళు రోడ్డు కాలువలోకి పోతుంటే పిల్లల్ని చెట్టు కిందికి తీసుకెళ్ళి ఎక్కాలు మొదలుపెట్టించింది. నన్ను పిలిచి, "మామ్మగారిని రమ్మను. పరిగెత్తకు" అంది. నేను రోడ్డు దాటేలోపు పన్నెండో ఎక్కం వినబడింది. నాయనమ్మతో తిరిగి వచ్చేసరికి ఆమె చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. నోటి నుంచి చొంగ కారుతోంది, తుడుచుకోబోతే చెయ్యి మొహం దాకా రావటం లేదు. పిల్లలు ఆమె వైపు చూస్తూనే ఎక్కం చెబుతున్నారు, ఆపమని ఆమె చెప్పలేదు కనుక. ఆ స్వరం నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

సైకిల్ షాపు పిన్ని మొగుడు పత్తి లారీని అడ్డం నిలబడి ఆపాడు. నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టరు వాసన చూసి వెంటనే సూదిమందు ఎక్కించాడట. ఆ రోజుల్లో ఆ డాక్టర్లకు అలవాటైన వాసన అది. అలవాటైన ప్రశ్నే వేశాడు కూడా. "ఎందుకు తాగావమ్మా? ఇంట్లో ఏం జరిగింది?" జవాబు చెప్పటానికి ఆమెకు నాలుక తిరగలేదు.

రెండో రోజుకల్లా బజారంతా అదే మాట. పంతులమ్మ మందు తాగిందంట. ఒంటరి ఆడమనిషి, ఏముందో. పెళ్ళి తప్పిందంట. బడి ఆఫీసు దాకా పోయింది ఆ మాట. అట్లాంటి మనిషి దగ్గరికి పిల్లల్ని ఎట్లా పంపుతామన్నారు కొందరు. ఆమె బతికింది కానీ ఉద్యోగం నిలబడుతుందో లేదో, పేరు నిలబడుతుందో లేదో తెలియదు. అదంతా ఒక్క మనిషి నోరు తెరవటం మీద ఉంది. ఆ మనిషి కొట్టు తలుపులు సగం మూసుకుని లోపల కూర్చున్నాడు.

నాయనమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది. "డ్రమ్ము నీదని నువ్వు చెప్తావా, నన్ను బజార్లో నిలబడి చెప్పమంటావా?"

"చెప్తే రేపు మన కొట్టుకి ఎవరొస్తారమ్మా?"

"రాకపోతే గంజి తాగుదాం. ఇత్తడి గిన్నెలో."

నాన్న వెళ్ళాడు. బడి ముందర, అందరూ చూస్తుండగా, ఆ డ్రమ్ము తనదనీ దాంట్లో ఏ మందుండేదో కూడా చెప్పాడు. గునపం తెచ్చి దాని అడుగున నాలుగు పోట్లు పొడిచాడు. బడి ఆఫీసుకు కాగితం కూడా రాసిచ్చాడు. ఆ తరవాత మా కొట్టులోంచి బొక్క పెట్టని ఖాళీ డబ్బా ఒక్కటి కూడా బయటికి పోలేదు. బొక్కడబ్బాల కొట్టు అని ఎక్కిరించారు, బేరమూ తగ్గింది. అయినా నాన్నలోని ఆ మనిషిని నాకు చూపించినందుకు దేవుడికి కృతజ్ఞురాలిని.

నాన్న చెప్పిన మర్నాటి నుంచి ఊరి మాట తిరిగింది. పిల్లల కోసం ముందు తానే తాగి చూసిందంట, తల్లి కాదు దేవత అన్నారు. ఉప్మా ముద్ద సంగతి గుర్తు చేసుకున్నారు. నేనూ అదే నమ్మాను. దీపం దగ్గర ఆమె పేరు కూడా చేర్చుకుని దండం పెట్టుకున్నాను.

వేసవి సెలవుల్లో ఆమె బడిలో మిగిలిన సామాను తీసుకోవటానికి వచ్చింది. సొంత ఊరి వైపు బదిలీ అయింది. బాగా చిక్కిపోయింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది, మజ్జిగ కొంచెం చీర మీద ఒలికింది. నాయనమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది. పెద్దావిడ అలా చెయ్యటం నేనెప్పుడూ చూడలేదు. పంతులమ్మ రెండు చేతులూ పట్టుకుని ఆపేసింది.

"నువ్వు తాగబట్టి నా మనవరాలు, ఆ పిల్లలంతా బతికిపోయారమ్మా. ఏ జన్మ రుణమో."

పంతులమ్మ, చిన్నపిల్లకు లెక్క సరిచేసినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అందరూ అదే అంటున్నారు మామ్మగారూ. పిల్లల కోసం కాదు. నాకు దాహం వేసింది."

నాయనమ్మ చేతులు ఆమె చేతుల్లోనే ఉండిపోయాయి.

"మూడేళ్ళు దాహంతోనే ఆ బడిలో నిలబడ్డాను. ఆరోజు కుళాయి కనబడింది. వెనక పిల్లలున్నారన్న సంగతి కూడా మర్చిపోయాను." ఆమె తల వంచుకుంది. "మీరైనా నిజం తెలుసుకోవాలని చెప్పాను."

బస్సు హారను వినబడింది. ఆమె లేచింది. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. ఆమెను మళ్ళీ చూడలేదు, ఎక్కడుందో తెలియదు.

ఊళ్ళో ఆ కథ ఇప్పటికీ త్యాగం కథగానే చెప్పుకుంటున్నారు. చెప్పేవాళ్ళ కళ్ళు తడుస్తాయి, చెప్పి ఇళ్ళకు పోతారు. బడిలో మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళు బోరింగు చెయ్యి అలా విరిగే ఉంది, ఒక తడికె కూడా లేవలేదు. ఆమెను దేవతను చేశాక ఆమెకు నీళ్ళు పెట్టాల్సిన పని ఎవరికీ మిగల్లేదు. నేను కూడా ఇన్నేళ్ళూ ఆ మాట దాచి, దీపం ముందు ఆమె త్యాగానికే దండం పెట్టాను. ఆమె అడిగింది దండం కాదు. ఆమె పెదాలు పగిలిపోయి ఉండేవి, రోజూ రోడ్డుకు అవతల నుంచి అందరికీ కనిపించేవి.